వెన్ను చూపిన వీరులు

హైదరాబాద్ నుంచి ఎనిమిది వేల పైచిలుకు మైళ్ళు విమానంలో, ఆపైన మూడొందల మైళ్ళు అద్దె కారులో వెళ్ళి, చికాగో మహానగరానికి మా వీపులు చూపించి వచ్చాం. ఐదుగురం, రెండు రోజులు, ఆరొందల పైన ఫొటోలు. వాటిలో ఏది తీసి చూసినా మా మొహాలు ఫోను వైపు, వీపులు ఊరి వైపు. యుద్ధంలో వెన్ను చూపినవాణ్ణి పిరికిపంద అన్నారు మన పెద్దలు. టూరిజంలో వెన్ను చూపనివాడి ఫొటోకి లైకులు రావు.

ఈ దండయాత్ర ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే 'ఫండ్స్ చూపించడం' అనే విద్య తెలిసుండాలి. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కన్సల్టెన్సీ మెట్లు ఎక్కినవాడికి ఇది కొత్త కాదు. అమెరికా చదువుకి వెళ్ళేవాడికి స్తోమత ఉన్నట్టు కాగితం కావాలి. స్తోమత లేకపోయినా నడుస్తుంది, కాగితం లేకపోతే నడవదు. అంచేత ఎవరిదో డబ్బు మన నాన్న ఖాతాలోకి చుట్టపుచూపుగా వచ్చి, నాలుగు వారాలు కూర్చుని, స్టేట్‌మెంట్‌లో మొహం చూపించి, వడ్డీ భోంచేసి వెళ్ళిపోతుంది. అందరి ఇళ్ళలోనూ ఇదే జరుగుతుందని నేననను. మా ఐదుగురిలో నలుగురి ఇళ్ళలో జరిగింది. ఐదోవాడు ఇంకా ఒప్పుకోవడం లేదు.

విమానం ఎక్కాక ఈ చూపించడం ఆగిపోతుందనుకుంటాం. అసలు చూపించడం అప్పుడే మొదలవుతుంది. కాకపోతే ఈసారి వీసా ఆఫీసర్లు మన ఊళ్ళోనే ఉంటారు. మేనత్త, ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు, ఇంటర్‌లో మనకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుని పాపం ఇండియాలోనే సుఖంగా ఉండిపోయిన క్లాస్‌మేటు. మా దగ్గర ఆనందం తగినంత నిల్వ ఉందని వీళ్ళకి నెలనెలా స్టేట్‌మెంట్ పంపుతుండాలి. నిల్వ ఉండదు. కాబట్టి ఒక శని, ఆదివారాలకి సరిపడా ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చి ఖాతాలో చూపిస్తాం. వీకెండ్ ట్రిప్ అంటే ఇదే.

2023-24 లెక్కల్లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాని దాటేశామని మన పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ ఊపులోనే తర్వాత మేమూ వచ్చిపడ్డాం, మిజోరీలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఓ యూనివర్సిటీలో. నిజామాబాద్‌లో అంతకన్నా మంచి మొక్కజొన్న పండుతుంది, కానీ దానికి ఐ-20 అనే అడ్మిషన్ కాగితం ఇవ్వరు. మా యూనివర్సిటీ పేరు చెప్తే ఫీజు కట్టిన మా నాన్నలే "ఏంటీ?" అని మళ్ళీ అడుగుతారు. చికాగో అంటే ఎవరూ మళ్ళీ అడగరు. అదీ సంగతి.

బయల్దేరే ముందురోజు కొత్తగూడెం నుంచి తాతయ్య ఫోన్ చేశాడు. సింగరేణిలో ముప్ఫై నాలుగేళ్ళు బొగ్గు తవ్విన మనిషి. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్, ఏ షిఫ్టయినా ఎనిమిది గంటలే, తొమ్మిదో గంట కొడితే ఓవర్‌టైమ్ రాయాల్సిందే అన్న లెక్కలో బతికినవాడు.

"చికాగో పోతున్నవంట గదరా. మేడే పుట్టిన ఊరది. ఎనిమిది గంటల పని కోసం పానాలిచ్చినోళ్ళ స్తూపం ఉంటదక్కడ. ఓ దండం పెట్టి, ఫొటో పంపు. యూనియన్ ఆఫీసుల చూపిస్త."

చికాగోలో ఏం చూడాలో నాకు చాలామంది చెప్పారు. అక్కడ ఏం జరిగిందో చెప్పినవాడు ఈయనొక్కడే. ఆయన ఖాజీపేట దాటి ఉత్తరానికి వెళ్ళలేదు.

సరే అని ట్రిప్ గ్రూపులో పెట్టాను: 'మేడే స్తూపం కూడా చూద్దాం.' ఒకడు బొటనవేలు పెట్టాడు. వాట్సాప్‌లో బొటనవేలంటే 'చదివాను, చెయ్యను' అని.

అసలీ ఐదుగురం ఎలా కుదిరామన్నది వేరే పురాణం. మొదట పదిమందిమి, రెండు కార్లు. "మీ ఇంటిపేరేంటి బ్రో?" అన్న అమాయకపు ప్రశ్న ఒకటి గ్రూపులో తిరిగిన మర్నాటికి ఒక కారు నయాగరాకి మళ్ళింది. మిగిలినవాళ్ళం మేం. నెల్లూరమ్మాయి ప్లానింగ్. ఎక్సెల్ షీట్ వేసింది: పద్నాలుగు ప్రదేశాలు, ఒక్కోచోట ఎన్ని నిమిషాలు, అక్కడికి ఏ రంగు బట్టలు, ఫొటో ఏ కోణంలో. టికెట్ లేనివి ఆకుపచ్చ, టికెట్ ఉన్నవి ఎరుపు. మా తాతయ్య స్తూపానికి టికెట్ లేకపోయినా ఎరుపే పడింది. ఏమంటే, "చూశానబ్బా గూగుల్‌లో, బ్యాక్‌గ్రౌండ్ ఏం బాలేదు" అంది.

గుంటూరువాడు ఖజానా. గ్యాసు, టోలు, టీ, ఆఖరికి దారిలో బాత్రూమ్ వాడుకున్న మొహమాటానికి కొన్న చిప్స్ ప్యాకెట్టు కూడా స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఐదు భాగాలు చేసేవాడు. అతనికి ఎనభై ఎనిమిదో ఎక్కం నోటికొచ్చు. చిన్నప్పుడు ఇరవయ్యో ఎక్కం రాక బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి డాలరు ఎంత పండితుణ్ణి చేసిందో చూడండి. కాఫీ నాలుగు డాలర్లంటే కాఫీ వాసన వచ్చేలోపు "మూడొందల యాభై రెండు" అంటాడు. ఇక ఆ కాఫీ ఎవరికి దిగుతుంది? వరంగల్‌వాడు రీల్స్ శాఖ. నేను బ్యాగులు చూసుకునే శాఖ.

డ్రైవరు నల్గొండ అన్న. మాలో పాతికేళ్ళు దాటినవాడు ఆయనొక్కడే. పాతిక దాటనివాడు కారు అద్దెకి తీసుకుంటే రోజుకింతని అదనంగా బాదుతారిక్కడ. అందుకే ఆయన్ని మేం ఎంతో ఆప్యాయంగా అన్నా అని పిలుచుకుంటాం. శుక్రవారం పగలు పదకొండింటికి ఒక గ్యాస్ స్టేషన్‌లో కౌంటరు వెనక నిలబడ్డవాడు రాత్రి పదకొండింటికి బయటపడి, నాలుగు గంటలు పడుకుని, ఆ స్టోర్ టీషర్టుతోనే స్టీరింగ్ పట్టుకున్నాడు. మొహం కడుక్కున్నాడా అని నెల్లూరమ్మాయి అడిగింది. కడుక్కున్నాడని గుంటూరువాడు సర్టిఫై చేశాడు.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి ఇరవై గంటలు, అదీ క్యాంపస్‌లోనే పనిచెయ్యాలని ఇక్కడి చట్టం. అన్న ఆ ఇరవై గంటలూ క్యాంపస్ క్యాంటీన్‌లో ప్లేట్లు కడిగి చట్టాన్ని గౌరవిస్తాడు. తర్వాత గ్యాస్ స్టేషన్‌కి వెళ్ళి అప్పుని గౌరవిస్తాడు. స్టోర్ ఓనరు మన అంకులే. మనవాడే కదా అని గంటకి రావాల్సినదానికన్నా తక్కువ ఇస్తాడు, మనవాడే కదా అని అన్న అడగడు. దేశం కాని దేశంలో ఒకరికొకరం తోడుండటం అంటే ఇది.

తెల్లారి తొమ్మిదిన్నరకి చికాగో కనబడింది. వరంగల్‌వాడు కిటికీ దించి కేకేశాడు. ఖజానా మాత్రం ఫోన్‌లో పార్కింగ్ రేట్లు చూసి మూలిగాడు. ఈ ఊరి కార్పొరేషన్ ఒక పని చేసింది. 2008లో రోడ్డు పక్క పార్కింగ్ మీటర్లన్నీ 75 ఏళ్ళపాటు ఒక ప్రైవేటు సంస్థకి రాసిచ్చి, 115 కోట్ల డాలర్లు తీసుకుంది. ఆ డబ్బులో చాలా భాగం కొద్ది బడ్జెట్లలోనే కరిగిపోయింది. మీటర్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి, మా మనవలు వచ్చి ఇక్కడ కారు ఆపినా వాళ్ళకే కట్టాలి. "మన నాయకులు ఇలాంటివాటికి స్టడీ టూర్లకి రారేం రా?" అన్నాడు గుంటూరువాడు. వాళ్ళొచ్చి నేర్చుకునేదేముంది, పాఠం చెప్పి ఫీజు తీసుకుని వెళ్ళగలరు. చివరికి నది దాటి పడమటివైపు, డెస్‌ప్లేన్స్ స్ట్రీట్ దగ్గర ఓ చవక పార్కింగ్ లాట్ దొరికింది. కారు అక్కడ పడేసి నడిచాం.

నది మీద వంతెన దగ్గర షీట్ ప్రకారం పన్నెండు నిమిషాలు. ఊరి మురుగు మంచినీళ్ళ సరస్సులోకి పోతోందని 1900లో ఆ నదిని వెనక్కి తిప్పి పారించారు ఈ ఊరివాళ్ళు. ఈ ముక్క నోరు జారి నేనే చెప్పాను. చెప్పకపోతే బాగుండేది. "గిదెంత, మా కాళేశ్వరంల గోదారినే ఉల్టా ఎక్కిచ్చినం" అన్నాడు వరంగల్‌వాడు. "ఎక్కించారు సరే, మేడిగడ్డ దగ్గర పిల్లర్లు దిగాయిగా. మా పట్టిసీమ చూడు" అన్నాడు గుంటూరువాడు. పన్నెండు నిమిషాలూ చికాగో నది ఒడ్డున కృష్ణా గోదావరి జలాల పంపిణీ జరిగింది. నది వైపు ఎవరూ చూడలేదు. నది అలవాటుగా వెనక్కి పారింది.

అక్కణ్ణుంచి బీన్. చికాగో వెళ్ళిన తెలుగువాడు బీన్ దగ్గర ఫొటో దిగకపోతే తిరిగొచ్చాక యూనివర్సిటీలో అడ్మిషన్ రద్దు చేస్తారని నా అనుమానం. మిలీనియం పార్కులో ఉంటుంది, చిక్కుడు గింజ ఆకారంలో పెద్ద అద్దం. అసలు పేరు క్లౌడ్ గేట్. 110 టన్నులు. 168 స్టీలు పలకల్ని అతికించి, అతుకనేది కనబడకుండా నున్నగా రుద్ది 2006లో పూర్తిచేశారు. మా స్టేట్‌మెంట్లు తయారుచేసిన కన్సల్టెన్సీ ఆయన చూస్తే ఆ పనితనానికి అక్కడే సాష్టాంగపడేవాడు.

అద్దం కాబట్టి ఇక్కడైనా ఊరి వైపు తిరగక తప్పదని ఆశపడ్డాను. అందులో మన వెనకున్న చికాగో మొత్తం వంగి, సాగి, మేఘాలతో సహా కనబడుతుంది. మనం ఊరికి వీపు తిప్పినా ఊరు మనల్ని వదలకుండా చేసిన వస్తువు అది. వరంగల్‌వాడు ఫోనులో ఏదో నొక్కాడు, మా ఐదు మొహాలు మిగిలి చికాగో మొత్తం పొగమంచైపోయింది. "పోర్ట్రెయిట్ మోడ్ మామా" అన్నాడు.

దీన్ని చేసిన అనీష్ కపూర్ 1954లో బొంబాయిలో పుట్టి, ఇంగ్లండ్ వెళ్ళి కళ చదువుకున్నవాడు. అంటే మాలాగా విదేశీ చదువు బాపతే. ఆయన బొమ్మలు చెక్కడం చదువుతున్నప్పుడు మేనత్తలకి ఏం చెప్పుకున్నారో ఆ ఇంట్లో! మాలో ఎవడైనా ఎమ్మెస్‌లో శిల్పకళ తీసుకుంటానంటే ఎదురింటి హెడ్మాస్టరు అంబులెన్స్ పిలుస్తాడు.

బీన్ ముందు అందరూ వరసగా ఇళ్ళకి వీడియో కాల్స్ చేశాం. ఐదుగురు అమ్మలూ ఒకే ప్రశ్న వేశారు: "ఏం తిన్నావ్?" ఐదుగురు నాన్నలూ అమ్మ భుజం మీంచి తొంగిచూసి రెండో ప్రశ్న వేశారు: "ఎంతయింది?" రెంటికీ మేం అబద్ధాలే చెప్పాం. మొదటిదానికి పెంచి, రెండోదానికి తగ్గించి.

పక్కనే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. లోపలికి టికెట్ ఉంది, కాబట్టి షీట్‌లో ఎరుపు. గుమ్మం ముందు రెండు కంచు సింహాలున్నాయి, 1894 నుంచి అక్కడే నిలబడి పచ్చబడిపోయాయి. వాటికి టికెట్ లేదు. సింహాలతో ఫొటోలయ్యాయి. 1893 సెప్టెంబర్ 11న సర్వమత సభలో వివేకానందుడు మాట్లాడింది ఈ భవనంలోనే. ముందున్న రోడ్డుకి ఆయన పేరిట బోర్డు కూడా ఉంది. వరంగల్‌వాడు సింహం తోకకి ఆనుకుని, వివేకానందుడు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని పోజిచ్చాడు. భవనం లోపలికి ఎందుకెళ్ళడం, ఆయన స్పీచ్ యూట్యూబ్‌లో ఉందిగా అన్నాడు. 1893లో రికార్డింగ్ ఎవడు చేశాడ్రా అంటే, "ఏమో మామా, వ్యూస్ అయితే మస్తున్నయ్" అన్నాడు.

నాకు మాత్రం ఆ పెద్దాయన మా సీనియర్‌లా కనబడ్డాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తన పాశ్చాత్య యాత్ర గురించి ఉపన్యాసమిచ్చి, జులై చివరికల్లా చికాగోలో దిగాడు. తీరా వచ్చాక తెలిసింది, సభ సెప్టెంబర్‌లో అని. పైగా ప్రతినిధిగా పరిచయపత్రం ఉండాలి, అది లేదు. చేతిలో డబ్బు కరిగిపోతోంది. అంటే అడ్మిషన్ లెటర్ లేదు, ఫండ్స్ లేవు, ఇన్‌టేక్ తేదీ కూడా సరిగ్గా చూసుకోలేదు. ఇవాళ్టి ఏ కన్సల్టెన్సీ అయినా ఆ ఫైలు చూసి "సార్, నెక్స్ట్ ఫాల్‌కి ట్రై చేద్దాం" అనేది. పాపం ఆయన హార్వర్డ్ ప్రొఫెసర్ ఒకాయన రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని మళ్ళీ చికాగో వచ్చి, అడ్రసు పోగొట్టుకుని, రైల్వే యార్డులో ఓ ఖాళీ పెట్టెలో రాత్రి గడిపాడు. ఆ రాత్రి ఫొటో దిగి స్టేటస్ పెట్టుకునే సౌకర్యం లేకపోయింది. ఉంటే మాత్రం రైలుపెట్టె కనబడకుండా క్రాప్ చేసుండేవాడని నేననుకోను.

మధ్యాహ్నం రెండింటికి డీప్ డిష్ పిజ్జా. ఈ ఊరి ప్రత్యేకతట. మూకుడంత లోతు, నలభై నిమిషాలు కాలుతుంది, చీజ్ మీద టమాటా గుజ్జు. "పిజ్జా మీద బోర్లా పడ్డ రోటి పచ్చడి" అంది నెల్లూరమ్మాయి. అసలు గొడవ మాంసం దగ్గర వచ్చింది. శనివారం. వెంకటేశ్వరస్వామి వారం. మాలో ఇద్దరికి నియమం.

"ఇండియాల ఇప్పుడు రాత్రి పన్నెండున్నర. ఆదివారం అచ్చేసింది, తినొచ్చు" అన్నాడు వరంగల్‌వాడు.

"మన పంచాంగం ప్రకారం రోజు మారేది అర్ధరాత్రి కాదురా, సూర్యోదయానికి" అన్నాడు గుంటూరువాడు.

మెషీన్ లెర్నింగ్‌లో బి-మైనస్ తెచ్చుకున్న మనిషి ధర్మశాస్త్రంలో ఇంత గట్టివాడని మాకు తెలీదు. వెజ్ చెప్పాం. అందులోకి ఎవడో బ్యాగులోంచి ఆవకాయ తీశాడు. ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

సాయంత్రం విల్లిస్ టవర్. పాతపేరు సియర్స్ టవర్. 110 అంతస్తులు, 1,450 అడుగులు, దాదాపు పాతికేళ్ళు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం. ఎరుపు ప్రదేశాల్లో మేం టికెట్ కొన్నది దీనికొక్కదానికే. ఎందుకంటే 103వ అంతస్తులో గోడకి బయట గాజుపెట్టెలు కట్టారు, కింద కాళ్ళకి ఆధారం గాజు తప్ప ఏమీ కనబడదు. లైన్లో ముప్పావుగంట నిలబడితే పెట్టెలో నిమిషం, నిమిషంన్నర ఇస్తారు. ఆ నిమిషంలో కాళ్ళ కింద 1,353 అడుగుల లోతున చికాగో దీపాలు వెలిగించుకుంటోంది. మేం ఐదుగురం పైకి చూస్తున్నాం, ఫోను పైన ఉంది కాబట్టి.

ఈ టవర్‌ని నిలబెట్టిన ఇంజినీరు ఫజ్లూర్ రెహ్మాన్ ఖాన్ ఢాకా మనిషి. 1952లో స్టూడెంట్‌గా ఇదే ఇలినాయ్ రాష్ట్రంలో యూనివర్సిటీకి వచ్చి, మూడేళ్ళలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, ఒక పీహెచ్‌డీ పట్టుకుపోయాడు. ఒక్క పుల్లయితే విరుగుతుంది, చీపురుకట్టయితే విరగదని మన అమ్మమ్మలకి తెలిసిందే. ఆయన తొమ్మిది చదరపు గొట్టాల్ని అలా కట్టగట్టి ఆకాశంలోకి లేపాడు, ఈ ఊరి గాలికి తట్టుకునేట్టు. కింద జాక్సన్, ఫ్రాంక్లిన్ వీధుల మూలన ఆయన పేరు బోర్డుంది. ఆ స్తంభానికి ఆనుకునే వరంగల్‌వాడు బూట్ల లేసు కట్టుకున్నాడు. ఊళ్ళో ఉన్న రెండు పెద్ద వింతలు, బీన్ ఒకటి, టవర్ ఒకటి, మన ఉపఖండం నుంచి పరదేశం చదువుకొచ్చినవాళ్ళే చేసి పెట్టారు. మిగిలిన మూడు లక్షల పైచిలుకు మందిమి వాటికి వీపానించి నిలబడటానికి వస్తున్నాం. పని విభజన బాగానే కుదిరింది.

ఏడున్నరకి కారు దగ్గరికి నడిచాం. వరంగల్‌వాడికి ఏదో వీధి గోడ మీద బొమ్మ నచ్చింది, మిగతావాళ్ళు అటు వెళ్ళారు. అన్న రానన్నాడు. ఫుట్‌పాత్ పక్కన ఒక దిమ్మె, దాని మీద కంచుతో పోసిన బండి, బండి మీదెక్కి ఎవరో ఉపన్యాసం ఇస్తున్నట్టు మనుషులు. ఆ దిమ్మె అంచున కూలబడి, అటు తిరిగి, బండి చక్రానికి తల ఆనించాడు. నేను సీసాలో నీళ్ళు పోసుకునేలోపు గురక.

ఫలకం చదివాను. హేమార్కెట్.

పొద్దున్న కారు ఆపింది తాతయ్య స్తూపానికి నాలుగడుగుల దూరంలో అన్నమాట. 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం సమ్మె మొదలైంది. నాలుగో తేదీ రాత్రి ఇక్కడ ఒక బండి మీదెక్కి కార్మిక నాయకులు మాట్లాడుతుండగా పోలీసులు వచ్చారు, ఎవరో బాంబు వేశారు. వేసిందెవరో ఈనాటికీ తేలలేదు. ఎనిమిది మందిని విచారించి, మరుసటేడు నవంబర్ 11న నలుగురిని ఉరితీశారు. 1893లో, అదే ఆ వివేకానందుడొచ్చిన వేసవిలో, గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ విచారణ అన్యాయమని చెప్పి మిగిలినవాళ్ళని విడిచిపెట్టాడు. కొత్తగూడెంలో, ఖమ్మంలో, విజయవాడలో ప్రతి మే ఒకటిన ఎర్రజెండా లేచేది ఈ వీధి పేరుమీదే. పుట్టింటివాళ్ళు మాత్రం ఆ పండగ చెయ్యరు. అమెరికాకి కార్మిక దినం సెప్టెంబర్‌లో మొదటి సోమవారం, ఆ రోజు పరుపులమీద డిస్కౌంట్ ఇస్తారు. ఈ కంచు బండిని కూడా 2004లో గానీ పెట్టలేదు. అదే ఏడాది 47.5 కోట్ల డాలర్ల మిలీనియం పార్కు తెరిచారు.

ఎనిమిది గంటల పని కోసం ఉరికంబమెక్కినవాళ్ళ బండిచక్రానికి తల ఆనించి, పన్నెండు గంటల షిఫ్టూ, ఐదు గంటల డ్రైవింగూ చేసిన నల్గొండవాడు నిద్రపోతున్నాడు. ఫొటో తీశాను. ఈ ట్రిప్ మొత్తంలో మొహం చికాగో వైపు, వీపు ఫోను వైపు ఉన్న ఫొటో అదొక్కటే. వీపు మీద గ్యాస్ స్టేషన్ పేరు పెద్దక్షరాల్లో ఉంది.

అన్న లేచి చూసుకుని గతుక్కుమన్నాడు.

"డిలీట్ చెయ్‌రా."

"అన్నా, తాతయ్య అడిగిండు..."

"తాతయ్యకి కాదురా భయం. టీషర్ట్ మీద పేరుంది. యాడన్న పడితే నా పని ఖతం."

ఆయన భయం ఉత్తిది కాదు. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి వచ్చేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేట్టు తెరిచిపెట్టాలన్నారు. అన్నకి డిసెంబర్‌లో చెల్లెలి పెళ్ళి, ఇండియా వెళ్తే వీసా మళ్ళీ వేయించుకోవాల్సి రావచ్చు. ఇన్నాళ్ళూ మేనత్త కోసం పెట్టిన స్టోరీలు ఇక కాన్సులేట్ వాళ్ళు కూడా చూస్తారు. ఇన్‌ఫ్లుయెన్సర్ కావాలని కలలు కన్న మా వరంగల్‌వాడికి కూడా దొరకనంత శ్రద్ధగల ప్రేక్షకులు. తీసేశాను. తర్వాత 'డిలీటెడ్' ఫోల్డర్‌లోంచి కూడా తియ్యమన్నాడు. తీశాను.

రాత్రి ఎనిమిదిన్నరకి డెవాన్ అవెన్యూ. మన బట్టల కొట్లు, కిరాణా కొట్లు, గాంధీ మార్గ్ అని బోర్డు. గాంధీ మార్గంలో అందరం బిర్యానీ వైపు నడిచాం. గుంటూరులో ఏడు గంటలైంది, సూర్యోదయమైంది, ఆదివారం వచ్చేసింది. ధర్మశాస్త్రం గేట్లు ఎత్తేసింది. లెగ్ పీసు విరుస్తూ "ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బిర్యానీలా లేదురా" అన్నాం ఐదుగురం ఒకే గొంతుతో. అంత దూరం వచ్చి చూసిన చికాగో గురించి మా నోట వెలువడ్డ ఏకైక ఏకగ్రీవ అభిప్రాయం అదే. ఇద్దరి పేరుమీద తీసుకున్న హోటల్ గదిలోకి ఐదుగురం విడివిడిగా, లిఫ్టులో ఒకరినొకరం ఎరగనట్టు మొహాలు పెట్టుకుని వెళ్ళాం. బ్యాగులోంచి రైస్ కుక్కర్ మూత జారి మోగింది. రిసెప్షన్ అమ్మాయి నవ్వింది, ఎన్ని కుక్కర్లు చూసిందో.

ఆదివారం దారిలో అరోరా బాలాజీ గుడి. చిలుకూరు బాలాజీకి నూటెనిమిది ప్రదక్షిణలు చేసి వచ్చినవాళ్ళం, అక్కడి బ్రాంచికి కూడా ఓ మాట చెప్పుకోవాలి కదా. చెప్పుకోవాల్సిన మాటా ఉంది: ఉద్యోగ వీసా హెచ్-1బి కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబర్‌లో ఉత్తర్వు వచ్చింది. ఖజానా అప్పుడు కూడా ఎనభై ఎనిమిదో ఎక్కం చదివాడు, కానీ చివరి అంకె చెప్పకుండా కళ్ళు మూసుకున్నాడు. పులిహోర బాగుంది. ఉచితం. షీట్‌లో ఆకుపచ్చ.

సోమవారం ఇండియా అంతా నిద్రలేచేసరికి స్టేట్‌మెంట్లు చేరిపోయాయి. మేనత్త బీన్ ఫొటోకి మూడు హృదయాలు పెట్టింది. ఎదురింటి హెడ్మాస్టరు తన మనవడికి అదే యూనివర్సిటీ బాగుంటుందా అని అడిగాడు. నల్గొండ అన్న గాజుపెట్టెలో నవ్వుతున్న ఫొటో చూసి ఆయన తమ్ముడు వచ్చే ఫాల్‌కి అప్లై చేస్తానన్నాడట. అన్న షిఫ్టులో ఉండి, జవాబు సాయంత్రం ఇచ్చాడు: 'రా'.

రాత్రి తాతయ్య వీడియో కాల్ చేశాడు. వెనకాల యూనియన్ ఆఫీసు, గోడకి జెండా, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు ఫోన్‌లోకి తొంగిచూస్తున్నారు.

"స్తూపం ఫొటో యాడరా?"

నా దగ్గర లేదు. ఆరొందల ఫొటోల్లో వెతికినట్టు నటించి, ఏం చెయ్యాలో తోచక, ఫ్యామిలీ గ్రూపులో ముందే పెట్టిన బీన్ ఫొటో మళ్ళీ పంపాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. ఫోన్ చేతులు మారుతోంది.

"అబ్బ! ఎంత మెరుస్తుందిరా. అద్దం లెక్క రుద్దిన్రు. ఎంత పెద్దగ కట్టిన్రు!" తాతయ్య గొంతు కొంచెం వణికింది. "మేమే అనుకున్నం, అమెరికావోళ్ళు పని చేసేటోళ్ళని గౌరవించరని. చూడు, మనుషులెంతమంది వస్తున్నరో దండం పెట్టనీకి. ఇదేనా రా?"

"ఇదే తాతయ్యా" అన్నాను.